అందినవి సరే, చదివినవి ఏవి?

తెలుగు వారపత్రికల్లో, ఆదివారం సంచికల్లో ఓ మూల ‘అందిన పుస్తకాలు’ అని ఒక పెట్టె కడతారు. పుస్తకం పేరు, రచయిత పేరు, పుటలు, వెల, ప్రతులు దొరికే చోటు. రచయితకు కాస్త పలుకుబడి ఉంటే తపాలా బిళ్ళంత ముఖచిత్రం కూడా. ఖరగ్‌పూర్‌లో తెలుగు రాసేవాళ్ల పుస్తకం ఎప్పుడైనా అటు వెళ్తే చేరేది ఆ పెట్టెలోకే. అది దాటి రెండు పేరాల సమీక్షగా కనబడితే ఆ ఏడాదికి అదే పండగ. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషగా గుర్తింపునివ్వాలని నిర్ణయించినప్పుడు మాత్రం మన ఊరి పేరు అందరికీ గుర్తొచ్చింది. ప్రవాసాంధ్రుల విజయమన్నారు, భాషాభిమానమన్నారు. ఆ అభిమానం కలిగినవాళ్లు ఇంతకీ ఏం రాస్తున్నారు, ఏం చదువుతున్నారు అని అడిగినవాళ్లు అరుదు. అధికార భాష అంటే దరఖాస్తులూ, ఉత్తర్వులూ మాత్రమే కాదు గదా. బయటివాళ్లకు ఖరగ్‌పూర్ అంటే ఒక ఐఐటీ, ఒక పొడవాటి ప్లాట్‌ఫారం. ఆ ప్లాట్‌ఫారం రికార్డు కూడా 2013లో గోరఖ్‌పూర్‌కూ, తర్వాత హుబ్బళ్లికీ పోయింది. ఇంక మిగిలిందల్లా మనుషులు, వాళ్ల రాతలు.

అయితే తప్పంతా హైదరాబాదుదీ విజయవాడదీ అనేస్తే సగం అబద్ధమవుతుంది. ఇక్కడ మనం చేసుకునే ఆవిష్కరణ సభలు చూడండి. మెరుపు కాగితంలో చుట్టిన కట్ట, దానికో రిబ్బను, నలుగురు ఒకేసారి లాగితే ఊడి వచ్చే అయిదారు ప్రతులు, వాటిని గుండెలకు ఆనించుకుని ఒక ఫొటో. ముఖ్య అతిథి లేచి ‘పుస్తకం ఇప్పుడే చేతికందింది, పూర్తిగా చదవలేదు గానీ’ అని మొదలుపెట్టి, రచయిత తండ్రిగారి మంచితనం మీద ఇరవై నిమిషాలు మాట్లాడతారు. తర్వాత శాలువా, జ్ఞాపిక, వందన సమర్పణ, ఉప్మా. ఆ సాయంత్రం పుస్తకంలోంచి ఒక్క పేజీ ఎవరైనా చదివి వినిపిస్తే అది అదృష్టం. మర్నాడు రచయిత మిగిలిన ప్రతుల్ని సంచీలో వేసుకుని బంధువుల ఇళ్లకు పంచడానికి బయల్దేరతాడు. రెండేళ్లు కూర్చుని రాసిన మనిషికి మనం ఇచ్చేది ఇదీ. పొగడ్తకు కొరత లేదు. ‘మీ మూడో కథ ముగింపు తేలిపోయింది, ఎందుకంటే...’ అని చెప్పే మనిషి కోసమే వెతుక్కోవాలి. ఆ మాట చెప్పలేని సంఘంలో పుస్తకాలు అచ్చవుతాయి తప్ప సాహిత్యం ఎదగదు. ఈ సంపాదకీయం మొత్తానికీ మా వాదన ఇదొక్కటే. ఇంటి రచయితకు చేయగల గొప్ప సన్మానం శ్రద్ధగా రాసిన సమీక్ష; ఆ సమీక్ష ముందు ఇక్కడే, మన చేతుల మీదుగానే రావాలి.

‘బయటి తెలుగు’ అనే చిన్నచూపు ఎంత కొత్తదో గుర్తు చేయక తప్పదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఆంధ్రపత్రిక 1908లో పుట్టింది బొంబాయిలో. ఆయనదే భారతి 1924లో మొదలైంది మద్రాసులో. 1945లో ‘బాల’, 1947లో ‘చందమామ’ కూడా మద్రాసు పత్రికలే. ఆ ‘బాల’ను నడిపిన రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు పుట్టింది ఇప్పుడు ఒడిశాలో ఉన్న బరంపురంలో. వాడుక భాషా ఉద్యమాన్ని గిడుగు రామమూర్తి పంతులుగారు నడిపింది పర్లాకిమిడి నుంచి. 1936 నుంచి ఆ ఊరూ ఒడిశాదే. వీళ్లెవరినీ రాష్ట్రేతరులని వేరే బల్ల మీద కూర్చోబెట్టలేదు. గీతలు గీసింది ప్రభుత్వాలు. ఆ గీతల్ని సాహిత్యానికి అంటగట్టి, ఏ మహాసభలోనైనా మనకు ‘రాష్ట్రేతర గోష్ఠి’ అని మధ్యాహ్నం భోజనాల వేళకు ఒక గంట కేటాయించేది మాత్రం మన సాహిత్య పెద్దలే. బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ వర్క్‌షాపు పెట్టిన రోజుల్లో నేటి శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలకు ఇప్పుడు నాలుగో తరం, అయిదో తరం నడుస్తోంది. ఆ కార్మికుల కోసం 1927-28 ప్రాంతంలో సమ్మె నడిపిన వి.వి. గిరి తర్వాత రాష్ట్రపతి అయ్యారు, ఆయనదీ బరంపురమే. ఇంత చరిత్ర ఉన్న చోటు నుంచి వచ్చిన నవలను ‘దూరప్రాంతంలో ఉన్నా మాతృభాషను మరవని మమకారం’ అని ఒక్క వాక్యంలో మెచ్చుకుని పక్కన పెట్టడం మెప్పు కాదు, అవమానం. నవల బాగుందా లేదా అది చెప్పండి. మమకారానికి మార్కులు మేం అడగలేదు.

దీనికి పాఠం కోసం దూరం పోనక్కర్లేదు. మన సాలువాలో ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్ శిబిరం ఉంది. ఆ దళంలో గూర్ఖా కుటుంబాలే ఎక్కువ కాబట్టి ఆ వీధుల్లో నేపాలీ వినబడుతుంది. ఆ భాష వాళ్లకు ఖాట్మండు అనే పెద్ద కేంద్రం ఉంది, మనకు హైదరాబాదు ఉన్నట్టే. అయినా ఇదే రాష్ట్రపు కొండల్లో ఉన్న డార్జిలింగ్ నేపాలీలు తమ పుస్తకాల మంచిచెడ్డలు ఖాట్మండు తేలుస్తుందని కూర్చోలేదు. 1924లోనే అక్కడ నేపాలీ సాహిత్య సమ్మేళనం పెట్టుకున్నారు. వాళ్లలోంచి వచ్చిన ఇంద్ర బహదూర్ రాయ్ పెద్ద కథకుడు, నవలాకారుడు; ఆయనకు సాహిత్య అకాడమీ పురస్కారం తెచ్చింది మాత్రం కథల పుస్తకం కాదు, నేపాలీ నవల మీద రాసిన విమర్శ గ్రంథం. మన సమస్య అక్కడ తేటతెల్లమవుతుంది. కథలు రాసేవాళ్లు వాళ్లకూ ఉన్నారు, మనకూ ఉన్నారు. తమ నవలల్ని ముందేసుకుని, ఒక్కోటి ఏ పునాది మీద నిలబడిందో తేల్చి చెప్పిన మనిషి వాళ్లకు దొరికాడు. డార్జిలింగ్ వాళ్ల సొంత నేల, ఖరగ్‌పూర్ మనం ఉద్యోగాలకు వచ్చిన ఊరు అని ఒకరు అనవచ్చు. వందేళ్లు దాటాక కూడా సొంత నేల కాకపోతే ఇంకెప్పుడవుతుంది?

సమీక్ష ఇక్కడే ఎందుకు రావాలో కాస్త దగ్గరగా చూద్దాం. మథురాకాటి రైల్వే క్వార్టర్సులో సాగే ఒక నవల ఉందనుకోండి. అందులో నాయనమ్మ టెక్కలి వైపు మాట మాట్లాడాలి. కొడుకు మాటలో షాపు హిందీ కలవాలి. మనవడు స్నేహితులతో బెంగాలీలో తిట్టుకుని, ఇంటికొచ్చి తల్లితో తెలుగులో అలగాలి. రచయిత ఈ ముగ్గురి చేతా ఒకే రకం పత్రికల తెలుగు మాట్లాడిస్తే ఆ ఇల్లు కూలిపోయినట్టే. హైదరాబాదు సమీక్షకుడికి ఆ లోపం అందదు. అందకపోగా ‘సరళమైన శైలి’ అని మెచ్చుకుంటాడు. అదే రచయిత ఆ మూడు మాటల్నీ పట్టుకుంటే ‘అన్యభాషా పదాలు తగ్గించుకోవాలి’ అని హితవు చెబుతాడు. రెండు తీర్పులూ తప్పే. గోల్‌బజార్‌లో బయల్దేరిన మనిషి ఏ దారిన నిమ్‌పురా చేరతాడో, పదవీ విరమణ నాటికి క్వార్టర్సు ఖాళీ చేయాల్సిన ఇంట్లో ఏం మాట్లాడుకుంటారో, పాసు మీద ఏటా ఊరెళ్లే అలవాటు ఉద్యోగంతోపాటే తగ్గిపోతే అత్తవారి ఊరితో బంధం ఏమవుతుందో తెలిసిన పాఠకుడే ఆ నవలను నిలదీయగలడు. నిలదీయాలి కూడా. మన జీవితం మీద రాశాడు కాబట్టి మంచి నవల అనడం, మన పిల్లాడు కాబట్టి ఫస్టు మార్కు వేయమని మాస్టారిని బతిమాలడం లాంటిది.

పిల్లల పుస్తకాల సంగతి మరీ అన్యాయం. సాహిత్య అకాడమీ 2010 నుంచి బాలసాహిత్య పురస్కారాలు ఇస్తోంది. మొదటి ఏడాది తెలుగులో కలువకొలను సదానంద ‘అడవి తల్లి’కి వచ్చింది. 2019లో పార్వతీపురం రచయిత బెలగాం భీమేశ్వరరావు ‘తాత మాట వరాల మూట’కు వచ్చింది, మన వాళ్లలో చాలామందికి అది తాతల నాటి జిల్లా. 2023లో డి.కె. చదువులబాబు ‘వజ్రాల వాన’, 2024లో పి. చంద్రశేఖర్ ఆజాద్ ‘మాయాలోకం’. ప్రతిసారీ అభినందన వార్త, సన్మానం. ఈ పుస్తకాల్లో ఏ కథ పదేళ్ల పిల్లాణ్ణి కూర్చోబెడుతుంది, ఏది విసిగిస్తుంది అని పరిశీలించిన వ్యాసాలు ఎన్ని చదివారో పాఠకులే చెప్పాలి. పిల్లల పుస్తకానికి మన సమీక్షల్లో ఒక అచ్చు వాక్యం ఉంది, ‘నీతిని బోధించే చక్కని కథలు’. ఏ పుస్తకానికైనా సరిపోతుంది, చదవాల్సిన పని లేదు. దాసరి సుబ్రహ్మణ్యంగారు చందమామలో దశాబ్దాలపాటు సీరియళ్లు రాశారు. నెలనెలా రాష్ట్రమంతా వాటి కోసం కాచుకుంది. రచయిత పేరు మాత్రం అక్కడ అచ్చు కాలేదు. పత్రిక పద్ధతి అది, సరే. కానీ అంతమంది చదివిన రచన గురించి పెద్దల సాహిత్యంలో చర్చ లేకపోవడం పత్రిక పద్ధతి కాదు, అది మన చిన్నచూపు.

మన పిల్లలు బడిలో చదువుకునే బెంగాలీలో ఈ చిన్నచూపు కనబడదు. దక్షిణారంజన్ మిత్ర మజుందార్ 1907లో ‘ఠాకూర్‌మార్ ఝులి’ తెస్తే ముందుమాట రాసింది రవీంద్రనాథ్ టాగోర్. ఉపేంద్రకిశోర్ 1913లో పెట్టిన ‘సందేశ్’ను మనవడు సత్యజిత్ రాయ్ 1961లో కవి సుభాష్ ముఖోపాధ్యాయ్‌తో కలిసి మళ్లీ తెచ్చాడు, ఆయన డిటెక్టివ్ ఫెలూదా పుట్టింది ఆ పిల్లల పత్రికలోనే. బుద్ధదేవ్ బసు అంతటి కవి బెంగాలీ బాలసాహిత్యం మీద పెద్ద వ్యాసమే రాశాడు. ఫలితం మన ఇళ్లలోనే కనిపిస్తోంది. ఖరీదాలో ఉన్న తెలుగు పిల్లకు ఫెలూదా తెలుసు. తెలుగులో అలా వెంటబడి చదవాల్సిన పుస్తకం ఏదని అడిగితే తల్లిదండ్రులు పంచతంత్రం దగ్గర ఆగిపోతున్నారు. కొత్త పుస్తకాలు లేక కాదు, ఏది మంచిదో చెప్పినవాళ్లు లేక.

చిన్న సంఘం కదా, అందరం ముఖాముఖాలు చూసుకునేవాళ్లం, గట్టిగా రాస్తే ఉన్న నలుగురూ కలం పడేస్తారు అని కొందరు పెద్దలు అంటారు. ఉన్న నలుగురూ పొగడ్త లేనిదే రాయనివాళ్లయితే పడేయనివ్వండి. రాచమల్లు రామచంద్రారెడ్డి 1968లో ‘సంవేదన’ పెట్టింది కడప నుంచి, రాజధాని నుంచి కాదు. ఎక్కువ సంచికలు రాలేదు. మొహమాటం లేకుండా రాసినందుకు ఆయనకు శత్రువులు పుట్టారే గాని ఎవరి కవిత్వమూ ఆగిపోలేదు. ఆ సమీక్షలు మాత్రం ఇవాళ్టికీ వెతుక్కుని చదువుతున్నాం. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం తెరిచారు, తనకొచ్చిన పురస్కారాల సొమ్ము దానికే పెట్టారు. పేరున్న కథ, పేరు లేని కథ అని చూడకుండా తెలుగు కథనంతా అక్కడికి చేర్చాలనుకున్నారు. మన పూర్వీకులు రైలెక్కి వచ్చిన జిల్లాలో ఒక బడిపంతులు అంత పని చేయగలిగితే, మనం కనీసం మన ఊళ్లో అచ్చయిన పుస్తకాల జాబితా అయినా తయారు చేసుకోలేకపోయాం. దీనికి ఏ మహానగరపు నిర్లక్ష్యమూ కారణం కాదు.

వచ్చే సంచిక నుంచి ఈ పత్రికలో ‘అందిన పుస్తకాలు’ పెట్టె ఉండదు. ఖరగ్‌పూర్, సాలువా, చుట్టుపక్కల రాసేవాళ్లు, ఇక్కడి నుంచి వెళ్లి వేరేచోట స్థిరపడ్డవాళ్లు తమ పుస్తకం రెండు ప్రతులు పంపండి. పిల్లలదైనా, పెద్దలదైనా, ఎంత పాతదైనా సరే. అట్ట నుంచి అట్ట వరకు చదివినవాళ్ల చేతే సమీక్ష రాయిస్తాం. పిల్లల పుస్తకమైతే ఆ ఈడు పిల్లలు ఇద్దరు చదివి ఏమన్నారో అది కూడా వేస్తాం. రచయిత బంధువులూ, ముందుమాట రాసినవాళ్లూ సమీక్షకు అర్హులు కారు. సమీక్ష నచ్చని రచయిత జవాబు రాస్తే అంతే నిడివిలో, ఒక్క మాట మార్చకుండా అచ్చు వేస్తాం. ఆవిష్కరణ సభ ఫొటోలు మాత్రం దయచేసి పంపకండి.