వేరుశనగ వెన్న పూత - వంటింటి అమానతు

గత శీతాకాలంలో మా బాలికల మదర్సాలో ముగ్గురు విద్యార్థినులు దివ్య ఖుర్ఆన్ కంఠస్థం పూర్తి చేసుకున్నారు. ఆ సంతోషంలో పాలు పంచుకోవలసిందిగా రాజమహేంద్రవరంలోని కొన్ని కుటుంబాలను ఆహ్వానించాము. ఏటా అయితే తాపేశ్వరం కాజాలో, ఆత్రేయపురం పూతరేకులో తెప్పించేవాళ్ళం. ఈసారి పై తరగతి బాలికలు "ఆపా, కప్‌కేకులు మేమే చేస్తాము" అని ముందుకు వచ్చారు. వేరుశనగ గుళ్ళు వేయించి, రుబ్బి, వెన్నా చక్కెర పొడీ కలిపి, తేనెరంగు పూత తయారుచేసి కప్‌కేకుల మీద చక్కగా అమర్చారు. "ఆ పూత దేనితో చేశారో ఎవరికీ చెప్పకండి, తిన్నవారే కనుక్కుంటారు" అని నవ్వుతూ అన్నదాన్ని నేనే.

సగం కప్‌కేకు తిన్న కొద్ది నిమిషాలకే ఆరేళ్ళ బాలుడొకడికి పెదవులు వాచాయి. ఒళ్ళంతా దద్దుర్లు లేచి, దగ్గు తెర మొదలయింది. వాడికి వేరుశనగ పడదని తల్లికి తెలుసు. కానీ పూత రంగు చూసి ఆమె బటర్‌స్కాచ్ అనుకున్నది. వెంటనే ఆటోలో ఆసుపత్రికి తీసుకువెళ్ళాము. ఇంజెక్షన్ ఇచ్చాక, అల్లాహ్ దయవల్ల, బాలుడు తేరుకున్నాడు. ఆ తల్లి నన్ను నిందించలేదు. "ముందే ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేది ఆపా" అన్నది, అంతే. ఆ మాట నేటికీ నన్ను వదలలేదు.

అందుకే ఈ నెల ఆ పూత తయారుచేసే పద్ధతిని, దానితోపాటు ఆనాడు నేను చెప్పకుండా దాచిన మాటను కూడా పాఠక సోదరీమణుల ముందు ఉంచుతున్నాను.

గుళ్ళను ఏరడం

మన డెల్టా నేల వరికి, కొబ్బరికి పెట్టింది పేరు. వేరుశనగ మనకు ఎక్కువగా రాయలసీమ వైపు నుండి బస్తాలలో వస్తుంది. వానాకాలపు తేమలో ఆ బస్తా చాలా రోజులు నిలువ ఉంటే గుళ్ళకు బూజు పడుతుంది. 1960లో ఇంగ్లాండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు అంతుపట్టని వ్యాధితో మరణించాయి. కారణం వెదకగా, వాటికి మేతగా వేసిన వేరుశనగ పిండిలో ఒక బూజు విడిచిన విషం బయటపడింది. దానికే అఫ్లాటాక్సిన్ అని పేరు. అది మనిషి కాలేయానికీ హాని చేస్తుంది. గుళ్ళను వేయించినంత మాత్రాన ఆ విషం పూర్తిగా పోదు. పైగా రుబ్బిన తరువాత ఏ గుండు మంచిదో, ఏది చెడిందో కంటికి తెలియదు.

కనుక అసలు పని పొయ్యి వెలిగించక ముందే ఉంది. గుళ్ళను వెడల్పాటి పళ్ళెంలో పరచి, వెలుతురులో కూర్చుని ఏరండి. ముడుచుకుపోయినవి, నల్లబడినవి, ఆకుపచ్చని పొడి పట్టినవి, ముక్క వాసన వేసేవి పారవేయండి. నోట వేసుకుంటే చేదు తగిలిన గుండు మరొకటి ఉన్నదేమోనని మళ్ళీ వెదకండి. నాలుగు గుళ్ళు పోతాయని వెనుకాడవద్దు.

వెన్నగా రుబ్బడం

పావు కిలో గుళ్ళను మందపాటి మూకుడులో సన్నని సెగ మీద, కలుపుతూ, పన్నెండు నుండి పదిహేను నిమిషాలు వేయించండి. చేయి కాలనంత చల్లారాక పొట్టు నలిపి, చేటలో చెరగండి. గోరువెచ్చదనం పోక ముందే తడిలేని మిక్సీ జారులో వేసి తిప్పండి. ముందు పొడి అవుతుంది, ఆపైన ముద్ద కడుతుంది. వేరుశనగ పచ్చడికి అలవాటు పడిన చేయి సరిగ్గా ఇక్కడే నీళ్ళు పోయబోతుంది. పోయకూడదు. నీరు తగిలితే ఆ ముద్ద బిగిసిపోతుంది, త్వరగా చెడిపోతుంది కూడా. గుండులో దాదాపు సగం బరువు నూనే ఉంటుంది. ఓపికగా తిప్పుతూ, మధ్య మధ్య జారుకు విశ్రాంతి ఇస్తూ, అంచులకు అంటినదాన్ని గరిటెతో కిందికి నెడుతూ ఉంటే ఆ నూనె తానే బయటికి వచ్చి ముద్ద నున్నగా జారుతుంది. విడిగా నూనె కలపవలసిన పని లేదు. చిటికెడు ఉప్పు చాలు.

అంగడిలో పీనట్ బటర్ అని అమ్మేది కూడా మూలంలో ఇదే. అయితే నూనె పైకి తేలకుండా ఉండడానికి కొన్ని రకాలలో గట్టిపరచిన కొవ్వు కలుపుతారు. ఇంట్లో చేసినదానిపై నూనె తేలడం లోపం కాదు. వాడే ముందు బాగా కలిపితే సరిపోతుంది.

పూత కలపడం

పన్నెండు కప్‌కేకులకు ఉప్పులేని వెన్న 100 గ్రాములు, వేరుశనగ వెన్న 200 గ్రాములు, జల్లించిన చక్కెర పొడి 200 గ్రాములు, కాచి చల్లార్చిన పాలు రెండు మూడు పెద్ద చెంచాలు కావాలి. వెన్న వేలితో నొక్కితే సొట్ట పడాలి గాని కరిగి ఉండకూడదు. ఇంట్లో చిలికిన గేదె వెన్న అయితే, చల్లని నీటితో ఆ నీరు తేటగా వచ్చేదాకా కడిగి, గట్టిగా పిండండి. మజ్జిగ మిగిలితే పూత విరుగుతుంది.

ముందుగా వెన్న ఒక్కదానినే తెల్లబడేదాకా గిలకొట్టండి. వేరుశనగ వెన్న చేర్చి మళ్ళీ గిలకొట్టండి. చక్కెర పొడిని మూడు విడతలుగా కలపండి. పాలు చెంచా చెంచాగా చివరకు పోయండి. గరిటె ఎత్తినప్పుడు పూత కొన నిలబడితే పాకం కుదిరినట్లే. పలుచన అయితే పావుగంట ఫ్రిజ్‌లో ఉంచండి. చక్కెరకు బదులు బెల్లం వేస్తే అందులోని తేమ వల్ల పూత జారుతుంది.

గోదావరి తీరపు ఎండలు తెలిసినవే. మన ఒంటి వేడి కన్నా తక్కువ వేడికే వెన్న కరుగుతుంది. కనుక వేసవిలో ఈ పని ఫజ్ర్ నమాజు తరువాతి చల్లని వేళ పెట్టుకోండి. కేకు పూర్తిగా చల్లారనిదే పూత పెట్టకండి. మిగిలిన పూత మూత బిగించి ఫ్రిజ్‌లో ఉంచితే నాలుగైదు రోజులు నిలుస్తుంది.

సువాసన కోసం వెనీలా ఎసెన్సు వేసే అలవాటు ఉన్నవారు సీసా మీది వివరాలు చదవండి. కొన్నింటిలో ఆల్కహాల్ ఉంటుంది. వేయించిన వేరుశనగకు తనదైన పరిమళం ఉన్నది కనుక, దీనిలో ఎసెన్సు లేకున్నా లోటు తెలియదు. కావాలంటే ఒక యాలక్కాయ పొడి వేసుకోవచ్చు.

చెప్పవలసిన మాట

సహీహ్ ముస్లింలో హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఒక సంఘటన మనలో అనేకులకు తెలుసు. దైవప్రవక్త (సఅసం) బజారులో ఒక ధాన్యపు రాశిలోనికి చేయి పెట్టగా వేళ్ళకు తడి తగిలింది. వాన వల్ల తడిసిందని వర్తకుడు విన్నవించుకున్నాడు. తడిసినదాన్ని జనులకు కనిపించేలా పైననే ఎందుకు ఉంచలేదని ఆయన ప్రశ్నించారు. మోసగించేవానికి తనతో సంబంధం లేదని హెచ్చరించారు. గమనించండి, ధాన్యం తడవడం వర్తకుని తప్పు కాదు. ఆ తడిని రాశి కింద ఉంచడమే తప్పు.

ఈ హదీసును నేను ఎన్నో ఏళ్ళుగా పాఠం చెబుతున్నాను. అయినా అది వ్యాపారులకే గాని వంటింటికి కాదన్నట్లు ప్రవర్తించాను. వేరుశనగ చెడ్డ వస్తువు కాదు, నేను మోసం తలపెట్టనూ లేదు. అయినా తినేవారికి తెలియవలసినది పూత కింద ఉండిపోయింది. పళ్ళెం అందించిన చేతిని నమ్మి అతిథి తింటాడు. ఆ నమ్మకం మన వద్ద అమానతు.

వేరుశనగ పడనివారికి లేశమాత్రం కూడా ప్రమాదం కావచ్చు. అదే జారులో, అదే గరిటెతో చేసిన వేరొక పూత కూడా వారికి క్షేమం కాదు. తిన్న తరువాత పెదవులు వాచినా, వాంతి అయినా, ఊపిరి కష్టమైనా చిట్కాలతో కాలయాపన చేయక తక్షణమే ఆసుపత్రికి వెళ్ళాలి. అలాగని వేరుశనగను ఇంటి నుండి వెలివేయమని నా ఉద్దేశం కాదు. పడేవారికి అది బలవర్ధకమైన ఆహారమే. అయిదేళ్ళలోపు పిల్లలకు మాత్రం విడి గుళ్ళు ఇవ్వవద్దు, గొంతులో అడ్డుపడతాయి.

ఇంటి నుండే కేకులు చేసి అమ్ముతూ గౌరవంగా సంపాదించుకుంటున్న సోదరీమణులకు ఒక మనవి. ప్యాకెట్ ఆహారంలో వేరుశనగ ఉంటే ఆ సంగతి దానిపై ముద్రించాలని 2020 నాటి ఆహార లేబులింగ్ నిబంధనలు చెబుతున్నాయి. మీ డబ్బా చిన్నదే కావచ్చు. అయినా "ఇందులో వేరుశనగ ఉన్నది" అని ఒక చీటీ అంటించండి. దానివల్ల ఒక బేరం పోతే పోనివ్వండి. ఆ చీటీ చూసి మీ నిజాయితీని నమ్మేవారు మళ్ళీ మీ వద్దకే వస్తారు.

మా బాలికలు ఇప్పుడు ప్రతి కప్‌కేకు నడుమ వేయించిన గుండు ఒకటి నిలబెడుతున్నారు. లోపల ఉన్నది పైననే కనిపించాలని. ఆనాటి తల్లి మొన్నటి సమావేశానికి తన బిడ్డతో వచ్చింది. వాడి కోసం విడి గిన్నెలో, విడి గరిటెతో కొబ్బరి కేకు చేశాము. బాలుడు తినబోయే ముందు ఆగి, "ఇందులో ఏముంది ఆపా?" అని నన్నే అడిగాడు. ఒక్కొక్కటే లెక్కపెట్టి చెప్పాను.