దురద పెట్టని దుంప

గోదావరి జిల్లాల్లో పెళ్లి భోజనమంటే కందబచ్చలి పడాల్సిందే. ఆ కంద తరిగేవాళ్లు ముందుగా చేతులకు నూనె రాసుకుంటారు. కూరలో చింతపండు పులుసు పడందే పొయ్యి మీంచి దించరు. కందలో సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి మరి! చేతిని, నాలుకను, గొంతును గుచ్చేది అవే. కొవ్వూరు పరిశోధన కేంద్రం అందించిన ‘గజేంద్ర’ రకానికి ఆ దురద బాగా తక్కువ. ఏ రకమైనా కంద తన గుణం దాచుకోదు. దాని దురద సామెతల్లోకీ, కత్తిపీట దాకా కూడా పాకింది.

బంగాళాదుంప అలా కాదు. దురద పెట్టదు, చేతికేమీ తెలియదు. పైగా మన మార్కెట్లకు అది ఎక్కువగా ఉత్తరాది నుంచి బస్తాల్లో వస్తుంది. రాత్రుళ్లు బాగా చల్లబడితే తప్ప దుంప సరిగా ఊరదు కాబట్టి డెల్టాలో ఆ మొక్కను చూసినవాళ్లే తక్కువ. వంకాయ, టమాటా, మిరప దాని దాయాదులు. ఉమ్మెత్త, పొగాకు కూడా ఆ ఇంటివే. రాజమండ్రిలో 1947 నుంచీ పరిశోధన జరిగిన పొగాకే!

ఈ మొక్కలో తినదగింది దుంప ఒక్కటే. చిలగడదుంప ఆకు వండుకుంటారు కదా అని దీని ఆకు కోస్తే ప్రమాదం. ఆకు, పువ్వు, మొలక, పచ్చి టమాటాలా కనిపించే కాయ... అన్నింట్లోనూ సొలనిన్, చాకొనిన్ అనే విషాలుంటాయి. దుంపలోనూ కాస్త ఉంటాయి, అదీ ఎక్కువగా తొక్కలోనే. నిజానికి దుంప వేరు కాదు, భూమిలో దాక్కున్న కాండం. వెలుతురు తగిలితే పచ్చబడుతుంది. ఆ పచ్చదనం పత్రహరితమే, దానివల్ల హాని లేదు. కానీ అదే వెలుతురుకు లోపల విషమూ పెరుగుతుంది. దెబ్బ తగిలినా, మొలకెత్తినా అంతే. దీనికి చింతపండు మంత్రం పారదు. ఉడికించినా, వేయించినా పెద్దగా తగ్గదు.

లండన్‌లో ఒక మగపిల్లల బడిలో భోజనం చేశాక 78 మంది పిల్లలు వాంతులు, విరేచనాలతో పడిపోయారనీ, 17 మందిని ఆస్పత్రిలో చేర్చారనీ 1979లో ఒక వైద్య పత్రిక రాసింది. సెలవుల ముందు మిగిలిపోయిన బంగాళాదుంపల మీదే అనుమానం. అదృష్టం, అందరూ కోలుకున్నారు.

మన వంటిళ్లలో దుంపల్ని కిటికీ పక్క తీగబుట్టలో వేలాడదీస్తారు. చూడ్డానికి బాగుంటుంది కానీ పచ్చబడేది అక్కడే. గాలి ఆడే గోనెసంచిలో, చీకటి మూల ఉంచితే మేలు. చిన్న మొలకలైతే కన్నుతో సహా లోతుగా తవ్వి తీసేయాలి. పచ్చమచ్చ ఒకచోటే ఉంటే మందంగా చెక్కేయొచ్చు. దుంపంతా పాకితే పారేయడమే, ముప్పై రూపాయలకు ఆశపడి కూర చేయొద్దు. ఉడికాక చేదుగా ఉందని పిల్లలు మారాం చేస్తే బలవంతాన తినిపించకూడదు. ఆ చేదే దాని దురద.

చాలా ఇళ్లలో తొక్కలన్నీ కుడితి తొట్టిలో పడతాయి. మామూలు తొక్కలైతే సరే. పచ్చబడ్డవి, మొలకలు మాత్రం తొట్టిలో వేయకూడదు. గేదెకైనా అది విషమే.