పొలమునకు పోవువారి ప్రొద్దుటి ఆహారము

మన గ్రామములలో పొలము పని తెల్లవారుచుండగనే మొదలగును. నాట్లకు, కలుపుతీతకు, వేరుశనగ పీకుటకు పోవు స్త్రీలు ఎండ ముదరక ముందే సగము పని ముగించవలెనని ఆరు గంటలకే ఇల్లు విడుతురు. అంతకు ముందే ఇంటి చాకిరి పూర్తి చేసియుందురు. అందరికిని వండిపెట్టి, తాము మాత్రము ఒక గ్లాసు టీ త్రాగి బయలుదేరుట పెక్కు ఇండ్లలో వాడుక అయినది. పది గంటల వేళ అంగడి బిస్కెట్లు రెండు. మధ్యాహ్నము అన్నము మూట విప్పువరకు ఆ కడుపునకు అంతకు మించి ఏమియు లేదు.

ఇందులో వింత ఏమనగా, ఆ బిస్కెట్లకంటె ఎన్నో రెట్లు బలమైన ఆహారము ఆ కుటుంబమే పండించుచున్నది. జొన్నలు, రాగులు, వేరుశనగ, నువ్వులు కళ్లములోనుండి నేరుగా బజారుకు పోవుచున్నవి. ఆ డబ్బులో కొంత తిరిగి మైదాపిండి, పంచదార రూపమున ఇంటికి వచ్చుచున్నది. ఇది లాభసాటి వ్యాపారమా యని ప్రతి రైతును ఆలోచించవలెను.

2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 నుండి 49 ఏండ్ల వయసు గల స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతము, తెలంగాణలో 57.6 శాతము మందికి రక్తహీనత కలదు. అనగా కలుపు తీయు వరుసలో పదిమంది యున్న, వారిలో అయిదారుగురు నెత్తురు చాలనివారే. ప్రొద్దుటి ఆహారము ఒక్కటే దీనిని పోగొట్టుననుట సరికాదు. అయినను కడుపు మాడ్చుకొని ఆరు గంటలు వంగి పని చేయుట దీనిని ఇంకను బరువు చేయును.

చద్దియన్నము మంచిదే కదా యని కొందరు అడుగవచ్చును. నిజమే. ఇంటివద్ద తినగలవారు దానిని మానవలసిన పనిలేదు. కాని వేసవిలో అది త్వరగా పాడగును. గట్టు మీద కూర్చుండి చేతులు కడుగుకొని తినుటకు తీరిక ఉండవలెను. కొంగున కట్టుకొనిపోయి, నడుచుచు తినగల ఆహారము వేరుగా కావలెను. ఇది మనకు క్రొత్తది కాదు. తొలి ఏకాదశినాడు జొన్న పేలాలు దంచి బెల్లముతో కలిపి తినుచున్నాము. సంక్రాంతికి నువ్వులు, బెల్లము కలుపుచున్నాము. పండుగనాటి ఆ తినుబండారమును పనినాటి ఆహారముగా మార్చుకొనుటయే ఇక్కడ చెప్పదలచినది.

దీనిని బిళ్ళలుగా చేయుటకు నిదానపు సెగ చాలును. పాలు కాచుటకు పూర్వము ప్రతి ఇంట పిడకల దాలి ఉండెడిది. కుండ దానిపై పెట్టి ఇల్లాలు తన పని తాను చూచుకొనెడిది. నేడు పట్టణములలో అమ్ము స్లో కుక్కరు చేయునది అదే పని. ఇది సుమారు 200 వాట్ల విద్యుత్తుతో నడచును. రెండున్నర గంటలకు అర యూనిటు మాత్రమే ఖర్చగును. అది లేనివారు మందపాటి గిన్నెలో రెండు వేళ్ళ మందమున ఇసుక పోసి, మూత పెట్టి సన్నని మంటపై పెట్టినను సరిపోవును. నిదానపు సెగపై బెల్లము మాడదు, వేరుశనగ చేదెక్కదు, గరిట పట్టుకొని కాచుకొని యుండ నక్కరలేదు.

పదునారు బిళ్ళలకు కావలసినవి: కచ్చాపచ్చాగా దంచిన జొన్న పేలాలు 300 గ్రాములు, వేయించి పొట్టు తీసిన వేరుశనగపప్పు 200 గ్రాములు, వేయించిన నువ్వులు 50 గ్రాములు, బెల్లము 200 గ్రాములు, ఏలకులు రెండు, చిటికెడు ఉప్పు. వేరుశనగపప్పులో సగము నూనె తేలునట్లు మెత్తగా నూరవలెను. మిగిలిన సగము పలుకులుగా ఉంచవలెను. బెల్లమును చిన్న గ్లాసెడు నీటిలో కరగబెట్టి, ఇసుక, నలుసులు పోవునట్లు వడగట్టవలెను. అన్నిటిని కలిపి, నూనె రాచిన పళ్ళెములో ముప్పాతిక అంగుళము మందమున అరచేతితో గట్టిగా అదిమి సెగపై పెట్టవలెను. మూత క్రింద పొడి గుడ్డ పరచి, అంచులను మూత మీదికి మడిచిన ఆవిరి నీరు బిళ్ళలపై పడదు. రెండు గంటలు గడచిన తరువాత మూత తీసి అరగంట ఉంచవలెను. పూర్తిగా చల్లారిన పిదపనే కోయవలెను. వేడిమీద కోసిన విరిగిపోవును.

ఒక్కొక్క బిళ్ళలో సుమారు 200 కాలరీలు, 5 గ్రాముల మాంసకృత్తులు ఉండును. రెండు బిళ్ళలు, ఒక చెంబు నీరు పనివారికి మధ్యాహ్నము వరకు ఆసరా. జొన్నలకు బదులు కొంత వేయించిన రాగిపిండి కలిపిన ఎముకలకు వలయు కాల్షియము పెరుగును.

కొన్ని జాగ్రత్తలు తప్పక పాటించవలెను. మొదటిది, వేరుశనగ. ముడతలు పడిన, రంగు మారిన, బూజు పట్టిన గింజలను ఏరి పారవేయవలెను. వానికి పట్టు బూజు నుండి పుట్టు అఫ్లటాక్సిన్ అను విషము కాలేయమును చెడగొట్టును. వేయించినను అది పూర్తిగా పోదు. అమ్ముడుపోని పుచ్చు గింజలను ఇంటికి ఉంచుకొను అలవాటు ఈ కారణముచేత మిక్కిలి హానికరము. కాయలను తేమ 8 శాతమునకు దిగునట్లు ఎండబెట్టి నిలువ చేయవలెను. రెండవది, సజ్జలు వాడదలచినవారు పిండిని ఎప్పటికప్పుడు విసరుకొనవలెను. సజ్జపిండి కొద్ది రోజులకే కనరు వాసన పట్టును. మూడవది, ఇవి గట్టి పాకము పట్టిన చిక్కీలవలె నెలల తరబడి నిలువ ఉండవు. స్లో కుక్కరు సెగ ఆ పాకమునకు చాలదు. తేమ కొంత మిగులును. అందుచేత మూతగల డబ్బాలో ఉంచి మూడు నాలుగు రోజులలో తినవలెను. నాలుగవది, ధాన్యములలోని ఇనుము ఒంటబట్టుటకు పులుపు పండ్లు తోడ్పడును, టీ అడ్డుపడును. కనుక బిళ్ళతో ఒక జామకాయయో, నిమ్మరసమో తీసికొని, టీని గంట తరువాత త్రాగుట మేలు. మధుమేహము కలవారు వైద్యుని అడిగియే వాడవలెను.

ఇక ఖర్చు మాట. నలుగురు గల కుటుంబము వారమునకు ఆరు రోజులు, మనిషికి రెండు బిళ్ళల చొప్పున తిన్నచో ఏడాదికి సుమారు 45 కిలోల వేరుశనగ కాయలు, 47 కిలోల జొన్నలు చాలును. ఎకరాల కొలది వేరుశనగ వేయు రైతు ఆ కాస్త ఇంట నిలుపుకొన్నందువలన బీదవాడు కాడు. బస్తాలు బండికెత్తునపుడే ఇంటి బస్తాను వేరుగా తీసియుంచవలెను. అమ్మిన తరువాత మిగిలినది ఇంటికి అను పద్ధతిలో మిగులునది తాలు గింజలే.

ఇది ఆడవారికి మరియొక చాకిరి కాదా యని ఎవరైన ఆక్షేపించిన, ఆ ఆక్షేపణ న్యాయమైనదే. అందుకే దీనిని ఆమె నెత్తిన పెట్టకూడదనుట మా అభిప్రాయము. వేరుశనగ వేయించుట, పేలాలు దంచుట, పళ్ళెము సెగపై పెట్టుట మగవారు చేయలేనివి కావు. వారమునకు రెండు సాయంకాలములు చాలును. పొలములో ఆమె కష్టము కుటుంబమునకు వచ్చునపుడు, ఆమె కొంగున కట్టు రెండు బిళ్ళల కష్టము కుటుంబమంతయు పంచుకొనవలెను. చేసిన బిళ్ళలను మొదట ఆమెకే తీసి పెట్టవలెను. అందరు తిన్న పిదప మిగిలినవి కాదు.

గ్రామములోని ఉద్యోగులు కూడ ఈ విషయమున శ్రద్ధ చూపవలెను. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా జరిపినది. రాజేంద్రనగర్‌లోని భారతీయ చిరుధాన్యముల పరిశోధన సంస్థ జొన్న అటుకులు మొదలగు వానిని తయారుచేయు పద్ధతులను రూపొందించినది. అయినను విత్తనము, ఎరువు, ధర గురించి జరిగినన్ని సమావేశములు పండించినవారి కడుపు గురించి జరుగుట లేదు. వేరుశనగ కోతల ముందు ఒకనాడు మహిళా సంఘముల వారిని, వారితోపాటు వారి ఇంటి మగవారిని పిలిచి ఈ బిళ్ళలను చేసి చూపవచ్చును. దీనికి గ్రాంటు అక్కరలేదు. ఒక గిన్నె, కొంత ఇసుక, ఊరిలో పండిన గింజలు చాలును.

రైతు సోదరులారా, ఎద్దుకు మేత వేయక కాడి కట్టుట పాపమని మీరు ఎరుగుదురు. మీ ఇంటి మనిషి రేపు పొలమునకు బయలుదేరునపుడు ఆమె కొంగున ఏమున్నదో చూడుడు. ఏమియు లేనిచో, ఈ పంటనుండియే ఒక బస్తా వేరుగా తీసి పెట్టుడు.