జటాయువునకు శిలాజసాక్ష్యమేల?

హనుమాన్ జంక్షన్ కూడలిలో అభయాంజనేయుని సేవించు భక్తుల ఫోన్లలో సైతము నేడొక విచిత్రవాదము సంచరించుచున్నది. జటాయువు రెక్కల డైనోసారట. జంబూద్వీపమే గోండ్వానా మహాఖండమట. ఆధునికులు కనుగొన్నదంతయు ఋషులు ముందే వ్రాసిరట! ఇది భక్తివలె కనబడును. విచారించినచో శాస్త్రద్రోహము.

గోండ్వానా యన నేమి? దక్షిణ అమెరికా, ఆఫ్రికా, మడగాస్కర్, భారతము, ఆస్ట్రేలియా, అంటార్కిటికా ఒకే భూభాగముగా నున్న కాలము కలదు. గోండుల దేశమునుండియే దానికి ఆ నామము. దాని గురుతులు తెలుగునేలపై ప్రత్యక్షములు. సింగరేణి బొగ్గు నాటి గ్లాసోప్టెరిస్ వృక్షముల అవశేషము. నూజివీడు ప్రాంతమందలి గొల్లపల్లి ఇసుకరాళ్లలో గోండ్వానా అంత్యదశ నాటి ఆకుల ముద్రలున్నవి. పూర్వపు ఆదిలాబాదు జిల్లా యామన్‌పల్లి వద్ద లభించిన శాకాహారి డైనోసార్‌కు 1988లో కోటసారస్ అని పేరిడిరి; దాని అస్థిపంజరము హైదరాబాదు బిర్లా విజ్ఞానకేంద్రమున నిలిచియున్నది. లిస్ట్రోసారస్ అను జంతువు ఎముకలు దామోదర లోయలోను, దక్షిణాఫ్రికాలోను, అంటార్కిటికాలోను దొరికినవి. మహాసముద్రముల నీదలేని జీవి మూడుచోట్ల నుండుటకు నాడు నేల యొకటిగా నుండుటయే హేతువు.

ఇది నైయాయికుల శేషవదనుమానమే. విజయవాడలో కృష్ణ ఎఱ్ఱనీటితో పొంగినచో ఎగువన వర్షము కురిసెనని ఊహింతుము గదా! కార్యమునుబట్టి కారణము నెఱుగు ఈ మార్గమును త్రోసిపుచ్చువాడు న్యాయశాస్త్రమునే త్రోసిపుచ్చినవాడగును.

ఇక ఆ వాదుల లెక్కతోనే వారిని ప్రశ్నింపవలెను. మహాయుగమునకు 43,20,000 సంవత్సరములు. రాముని ఇరువది నాలుగవ త్రేతాయుగమున నుంచు పక్షమును గైకొన్నను, ఆ కాలము రెండు కోట్ల ఏండ్లకు లోపలే. డైనోసార్లు నశించి 6 కోట్ల 60 లక్షల ఏండ్లు దాటినవి. పైగా ఎగిరిన ఆ టెరోసార్లు డైనోసార్లే కావు! ఈ వాదము భూగర్భశాస్త్రమునకును విరుద్ధము, పురాణగణనకును విరుద్ధము. రెంటికిని చెడిన రేవడి యిది.

"శాస్త్రముతో కలిపినగాని యువకులు నమ్మరు గదా?" యని పూర్వపక్షము. తప్పు. ప్రత్యక్షానుమానములకు అందని ధర్మబ్రహ్మముల యందే వేదము ప్రమాణము. ప్రత్యక్షవిషయమున శ్రుతిని నిలుపరాదని గీతాభాష్యమున శంకర భగవత్పాదులే నిర్ణయించిరి. ఎముకలను చూపి పురాణములను పరిహసించు నాస్తికునిదియు ఇదే దోషము. కంటితో వినవలెనని కోరుట వంటిది.

హాని యెవరికి? బాలునికి. జటాయువు డైనోసారని ఇంట విన్న పిల్లవాడు రేపు విజ్ఞానకేంద్రమున నిజము తెలిసికొనును. ఆ దినమున వాడు విడుచునది ఆ అబద్ధమును మాత్రమే కాదు, చెప్పిన పెద్దలను, వారితోపాటు రామాయణమును. శిలపై నిలిపిన శ్రద్ధ శిలతోనే పగులును.

జటాయువు గొప్పతనము రెక్కల కొలతలో లేదు. ఓడుదునని యెఱిగియు ఒక స్త్రీని రక్షింప రావణునకు అడ్డుపడిన వృద్ధుడాతడు. రామునిచే పితృసమానముగా దహనసంస్కారము పొందినవాడు. ఆ ధర్మమునకు ఏ త్రవ్వకమును సాక్ష్యమీయ నక్కఱలేదు, ఏ త్రవ్వకమును దానిని కూల్చజాలదు. యామన్‌పల్లి ఎముకలను భూగర్భశాస్త్రజ్ఞుడు చదువుగాక. జటాయువును భక్తుడు ఆచరించుగాక.