సార్‌కి ఫోనివ్వండి మేడమ్!

"సార్‌కి ఫోనివ్వండి మేడమ్, నేను మాట్లాడతా" అన్నాడు మెకానిక్ కుర్రాడు.

బండి నాది. రోజూ నడిపేది నేను. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర అది ఆగిపోతే, "నడపడం రానప్పుడు రోడ్డెక్కడం దేనికి?" అన్న మాట పడిందీ నేనే. దాని జబ్బేమిటో చెప్పాల్సింది మాత్రం ఆఫీసులో ఉన్న మావారికి!

2015లో కొన్న స్కూటీ అది. అమ్మకి మోకాలి ఆపరేషనైతే రెండు నెలలు తెనాలిలో ఉండిపోయాను. తిరిగొచ్చేసరికి బండికి కొత్త రోగం పట్టుకుంది. యాక్సిలరేటర్ తిప్పినంతసేపూ బాగానే పోతుంది. చెయ్యి వదిలితే ఉసూరుమంటూ ఆగిపోతుంది. ఇంజను పని ఉందనీ, అయిదు వేలవుతుందనీ ఆ కుర్రాడు మావారికి ఫోన్లో చెప్పాడు. "పాత బండికి అంత దండగెందుకు, అమ్మేద్దాం. నువ్వు ఆటోలో వెళ్ళు" అని ఆయన తేల్చేశారు.

ఆయన నా మంచికే అన్నారు. కానీ పాపని ట్యూషన్‌లో దింపి, ఆ గంటలో లైబ్రరీకి పోయి నాలుగు పేజీలు రాసుకుని వచ్చేది నేను ఆ బండి మీదే. అది పోతే గడప దాటిన ప్రతిసారీ ఎక్కడికి, ఎందుకు, ఆటోకి ఎంత అన్న లెక్కలు మొదలవుతాయి. అందుకే మర్నాడు బండిని ఇంకో షెడ్డుకి తోసుకెళ్ళాను. అక్కడి పెద్దాయన సంగతంతా విని, "కూర్చోండమ్మా, గంటలో అయిపోద్ది" అన్నాడు. "కూర్చోను బాబాయ్, చూస్తాను" అన్నాను. వింతగా చూశాడు గానీ కాదనలేదు.

సీటు కింద డబ్బా తీసి కార్బ్యురేటర్ విప్పాడు. గాలీ పెట్రోలూ తగు పాళ్ళలో కలిసేది అందులోనేనట. అడుగున చిన్న గిన్నె. అందులో రెండు నెలలుగా నిలవున్న పెట్రోలు ఆవిరై, జిగట పట్టి ఉంది. పెట్రోలు పోవడానికి రెండు ఇత్తడి జెట్లు ఉంటాయి. వేగంగా పోయేటప్పుడు పెద్దది పనిచేస్తుంది. బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజనుకి అందేదంతా చిన్న జెట్ ద్వారానే. దాన్ని స్లో జెట్ అంటారు. సూది కూడా దూరని ఆ రంధ్రం జిగటతో పూడుకుపోయింది. అదీ నా బండి రోగం!

నాకు అమ్మ గుర్తొచ్చింది. చిన్నప్పుడు మా ఇంట్లో కిరసనాయిలు పంపు స్టవ్వు ఉండేది. మంట ఎర్రబడితే అమ్మ పిన్ను పెట్టి నిపిల్ పొడిచేది. దాన్ని ఎవరూ మెకానిక్ పని అనలేదు, వంట పనే అన్నారు. ఆ మాటే చెప్తే పెద్దాయన నవ్వాడు. "దీనికి పిన్ను పెట్టకూడదమ్మా, ఇత్తడి అరిగి రంధ్రం పెద్దదైతే తాగుడెక్కువవుద్ది" అని క్లీనర్ కొట్టి, గాలి పట్టి, జెట్‌ని వెలుతురుకి ఎత్తి చూపించాడు. రంధ్రంలోంచి చుక్కంత వెలుగు! బిగించి, ఇంజను వేడెక్కాక ఐడ్లింగ్ స్క్రూ సరిచేశాడు. తీసుకున్నది మూడొందలు.

ఈ మాట చెప్తే నా స్నేహితురాలు, "అన్నీ మనమే నేర్చుకుంటే ఆ చాకిరీ కూడా మన నెత్తికే చుట్టుకుంటుంది" అంది. ఆమె భయంలో నిజముంది. అయితే తెలుసుకోవడం వేరు, చెయ్యడం వేరు. స్క్రూడ్రైవర్ పట్టమని నేను ఎవరికీ చెప్పడం లేదు. పెట్రోలుతో పని, అనుభవం లేకుండా ఇంట్లో పెట్టుకోవద్దు కూడా. కానీ "చెయ్యి వదిలితే ఆగిపోతోంది, స్లో జెట్ చూశారా? ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గు చూశారా?" అని అడగడానికి ఏ చదువూ అక్కర్లేదు. ఆ ఒక్క ప్రశ్నతో ఆ అయిదు వేల మాటే వచ్చేది కాదు, ఒకరోజు అవమానమూ తప్పేది.

2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బళ్ళలో దాదాపు అన్నిటికీ కార్బ్యురేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షనే. కానీ మనలో చాలామందికి దక్కేది ఇంట్లో మిగిలిన పాత బండే కదా! ఇప్పుడు పెట్రోల్లో ఇథనాల్ 20 శాతం దాకా కలుపుతున్నారు. అది తేమని పీల్చుకుంటుంది. కాబట్టి పాత బండిని నెలల తరబడి కదపకుండా ఉంచకండి. ఊరెళ్తుంటే వారానికోసారి ఎవరిచేతనైనా కాసేపు నడిపించండి. లేదా కార్బ్యురేటర్ గిన్నెలోని పెట్రోలు తీయించి వెళ్ళండి.

ఆడపిల్లకి బండి కొనిస్తున్నాం, లైసెన్సు ఇప్పిస్తున్నాం, హెల్మెట్ పెట్టుకోమని పదిసార్లు చెప్తున్నాం. ఆగిపోతే మాత్రం నాన్నకి ఫోన్ చెయ్యమంటున్నాం. నడపడం నేర్పినవాళ్ళం బండి లోపల ఏముందో కూడా ఒకసారి చూపించాలి. వచ్చే సర్వీసింగ్‌కి మా పాపని వెంట తీసుకెళ్తున్నాను. రేపు దాన్ని కూడా ఎవరైనా "సార్‌కి ఫోనివ్వమ్మా" అంటే, "బండి నాదండీ, నాకు చెప్పండి" అనగలిగితే చాలు.