కర్త లేని వాక్యం

"1823లో ఇంగ్లండు తీరమున ప్లీసియోసారస్ అస్థిపంజరము కనుగొనబడినది."

ఇటువంటి వాక్యం కంటబడితే చాలు, నా చేయి ఎర్రసిరా కలం కోసం వెదుకుతుంది. తెలుగు పాఠాలు చెప్పి చెప్పి అబ్బిన అలవాటు. కర్మ ఉన్నది, క్రియ ఉన్నది. కర్త ఏరీ?

కర్తకు పేరున్నది: మేరీ ఆనింగ్. లైమ్ రీజిస్ అనే సముద్రతీరపు ఊరిలో 1799లో పుట్టిన వడ్రంగి కూతురు. శిలాజాలు ఏరి అమ్ముకొని బ్రతికిన కుటుంబం ఆమెది. చలికాలపు తుపానులకు కొండచరియలు విరిగిపడినప్పుడు బయటపడే ఎముకలను, సముద్రం కొట్టుకొనిపోకముందే తవ్వి తీయాలి. 1823 డిసెంబరులో ఆమె అలా తీసినదే దాదాపు సంపూర్ణమైన ఆ అస్థిపంజరం.

చిన్న తల, మిక్కిలి పొడవైన మెడ, తెడ్ల వంటి నాలుగు అవయవాలు. సుమారు 19 కోట్ల ఏళ్లనాటి సముద్ర సరీసృపమది. పలువురు అనుకొనేటట్లు డైనోసారు కాదు. ఆ మెడ పొడవు చూసి పారిస్ పండితుడు క్యూవియే అది అతుకుల బొమ్మ కావచ్చునని శంకించాడు. తరువాత తన పొరపాటు ఒప్పుకొన్నాడు. ఆ శంకే నిలిచి ఉంటే పోయేది ఎవరి కూడు? మేరీదే కదా!

1824 ఫిబ్రవరి 20న లండన్ జియలాజికల్ సొసైటీలో కానిబేర్ ఆ అస్థిపంజరాన్ని సభ్యులకు వర్ణించాడు. ఆమె పేరు మాత్రం ఎత్తలేదు. నింద వచ్చినప్పుడు మోయడానికి కర్త కావలసి వచ్చింది. కీర్తి పంచే నాటికి ఆ కర్త లోపించింది! ఆ సభలో కూర్చునే అర్హత కూడ ఆమెకు లేదు. సొసైటీ స్త్రీలను సభ్యులుగా చేర్చుకొన్నది 1919లో. ఆమె కన్నుమూసినది 1847లో.

"ఎముకలు ఏరడం వేరు, శాస్త్రం వేరు" అనే పెద్దలున్నారు. తునకలను బట్టి 1821లోనే ఆ జాతికి పేరు పెట్టినవారు కానిబేర్, డి లా బెష్‌లు. వారి విద్వత్తును నేను కాదనను. కాని ఏ ఎముక ఏ అవయవానిదో ఎరుగని చేతికి రాతిలోని కళేబరం చెదరక చిక్కుతుందా? ఆమె శాస్త్రపత్రాలను చేతితో ఎత్తి వ్రాసుకొని చదివింది. చేపలను కోసి వాటి నిర్మాణం పరిశీలించింది. ఇది శాస్త్రం కాకపోతే మరేది శాస్త్రం?

"2022లో ఆమె ఊరిలో విగ్రహం నిలిపారు కదా, ఇంకేమి కావాలి?" అంటారు. సంతోషమే. కాని విగ్రహాన్ని చూసేది ఆ ఊరికి పోయినవారు. వాక్యాన్ని చదివేది అన్ని ఊళ్ల పిల్లలు.

అసలు ఈ "బడు" ప్రయోగం మన నుడికారానికి సహజమైనది కాదు. ఎవరు చేశారో చెప్పడమే తెలుగువాడి పలుకుబడి. కనుక శాస్త్ర విషయాలు వ్రాసే మిత్రులకు నా విన్నపం ఒక్కటే. "మేరీ ఆనింగ్ కనుగొన్నారు" అని వ్రాయండి. వ్యాకరణమూ నిలుస్తుంది, న్యాయమూ నిలుస్తుంది.