మాట అందుతోందా?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో జుమా బయాన్లకు వెళుతుంటాను. కొత్తగా కట్టిన ఒక మస్జిదులో నమాజు ముగిశాక ఒక పెద్దాయన, "మౌలానా సాబ్, శబ్దం బాగానే వచ్చింది, మాట మాత్రం అందలేదు" అన్నారు. నిజమే. గోడలకు టైల్స్, నేలకు గ్రానైటు, పైన గుంబద్. ఒక మాట అణగకముందే మరొకటి దానిపై పడుతోంది. వాల్యూం పెంచితే ప్రతిధ్వనీ పెరుగుతుంది. పైగా ఆంప్లిఫయరులో ఎకో ఒకటి! దానిని సున్నాకు తిప్పండి.

దైవప్రవక్త (స) చివరి అస్వస్థతలో నమాజు చేయించినప్పుడు, ఆయన తక్బీరును హజ్రత్ అబూబక్ర్ (రజి) వెనుకవారికి వినిపించారు. స్వరం శ్రోతకు దగ్గర కావాలి. పెద్ద స్పీకర్లకు మారుగా స్తంభానికొక చిన్న స్పీకరు, తక్కువ వాల్యూంలో, కూర్చున్నవారి వైపు వంచి బిగించాలి. నేలపై మందపు తివాచీ, వెనుక గోడకు బరువైన పరదా ప్రతిధ్వనిని తగ్గిస్తాయి. కమిటీ పెద్దలు ఏదైనా దర్సు రోజున చివరి సఫ్‌లో కూర్చుని వినాలి.